కారణం: అవును

మిలటరీ మెడికల్ బోర్డు ఫారంలో ఒక గడి ఉంటుంది. జవాను జబ్బుకీ అతను చేసిన కొలువుకీ సంబంధం లేదని డాక్టర్లు తేల్చారనుకోండి, మరైతే ఆ జబ్బుకి అసలు కారణమేమిటో కచ్చితంగా రాయమని ఆ గడి అడుగుతుంది. సిపాయి ధరమ్‌వీర్ సింగ్ ఫైల్లో ఆ గడిని ఖాళీగా వదల్లేదు. ‘అవును, వైకల్యానికి మిలటరీ సర్వీసుతో సంబంధం లేదు’ అని నింపారు.

కారణమేమిటయ్యా అంటే, అవునట!

ఆ జవాబు మీద సుప్రీంకోర్టు కన్ను పడేసరికి 2013 వచ్చింది. తీర్పులో ఫారమంతా ప్రశ్నలూ జవాబులతో సహా అచ్చయింది కాబట్టి ఎవరైనా చదువుకోవచ్చు. ఈ కథలో తేదీలూ, కాగితాల మీది మాటలూ ఆ తీర్పులోవి. గదులూ, బెంచీలూ, మనుషుల ముఖాలూ నేను ఊహించి పెట్టినవి.

1985 జూన్ 15న ధరమ్‌వీర్ సైన్యంలో చేరాడు. కోర్ ఆఫ్ సిగ్నల్స్‌లో సిపాయి. చేరే ముందు అతణ్ని ఎలా చూసి ఉంటారో మనకి వేరే చెప్పక్కర్లేదు. సికింద్రాబాద్ ఏఓసీ సెంటర్లో రిక్రూట్‌మెంట్ ర్యాలీ జరిగినప్పుడు తెల్లారకముందే గేటు బయట నిలబడే కుర్రాళ్లని చూసినవాళ్లకి తెలుసు. పదహారు వందల మీటర్ల పరుగు. ఛాతీ కొలత. మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయా, పాదాలు చదునుగా ఉన్నాయా, చెవిలో గుబిలి ఉందా, పళ్లెన్ని, రంగులు గుర్తుపడుతున్నాడా అని డాక్టర్లు ఒక్కటీ వదలరు. చిన్న లోపం కనిపిస్తే చాలు, ‘అన్‌ఫిట్’ అని పక్కకి నిలబెడతారు. ధరమ్‌వీర్‌ని నిలబెట్టలేదు. మూర్ఛ గానీ, అలాంటిది మరొకటి గానీ ఉన్నట్టు అతని కాగితాల్లో ఒక్క ముక్క రాయలేదు. ఈ కథంతా ఆ రాయని ముక్క మీదే నడుస్తుంది.

దాదాపు తొమ్మిదేళ్లు గడిచాయి. మనిషికి ఫిట్స్ పట్టుకున్నాయి. ఆస్పత్రి, మందులు, కేటగిరీ తగ్గించడం, చివరికి బోర్డు.

బోర్డు గది బయట బెంచీ మీద అతను కూర్చున్నాడనుకుందాం. పక్కన మరో నలుగురు. ఒకడికి నడుము, ఒకడికి చెవి, ఇంకొకడు ఎందుకొచ్చాడో ఎవరికీ చెప్పడు. పేరు పిలిస్తే లోపలికెళ్లి సావధాన్‌లో నిలబడ్డాడు. ఒక డాక్టరు ప్రశ్నలు చదువుతుంటే ఇంకొకరు రాసుకుంటున్నారు. సర్వీసులో చేరకముందు ఈ జబ్బు ఉందా? లేదు. నిర్లక్ష్యం వల్లో దుష్ప్రవర్తన వల్లో తెచ్చుకున్నాడా? కాదు. సర్వీసు వల్ల వచ్చిందా? కాదు. సర్వీసు వల్ల ముదిరిందా? కాదు. సర్వీసుతో సంబంధం లేనిదా? అవును. మరి కారణం? ‘అవును.’

ముందు లేదు, తను తెచ్చుకున్నదీ కాదు, సర్వీసు తెచ్చిందీ కాదు. ఎక్కడి నుంచి ఊడిపడినట్టు? వైకల్యం 20 శాతం, శాశ్వతం అని లెక్కగట్టి, 1994 ఏప్రిల్ 1 నుంచి అతణ్ని బోర్డవుట్ చేశారు, అంటే జబ్బు పేరుతో ఇంటికి పంపేశారు. 1961 నాటి పింఛను నిబంధనల్లో 173వది ప్రకారం డిసేబిలిటీ పెన్షన్‌కి రెండు షరతులున్నాయి. వైకల్యం 20 శాతమో అంతకు మించో ఉండాలి, అది సర్వీసు వల్ల వచ్చిందో ముదిరిందో అయి ఉండాలి. మొదటి మెట్టు ఎక్కిన ధరమ్‌వీర్‌ని రెండో మెట్టు మీద ఆపేశారు. అతను అర్జీ పెట్టుకుంటే 1995 డిసెంబర్ 12న తిరస్కరించారు. సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు. ఇంగ్లిషులో ఇదొక వాక్యం. సైన్యం ఫైళ్లలో ఎంతగా వాడారంటే నాలుగు ఇంగ్లిషు అక్షరాల పొట్టి పేరుగా మారిపోయింది, నానా అని. ‘నానా పడింది సాబ్’ అంటే మాజీ సైనికుల మధ్య ఇంకేం వివరించనక్కర్లేదు.

ధరమ్‌వీర్ ఉత్తరాది మనిషి. అతని కథ మన దగ్గర ఎలా పనికొస్తుందో చూడాలంటే నాదర్‌గుల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఊహించుకోండి. ఇక్కడ కనిపించే ముగ్గురూ ఫలానా మనుషులు కారు. ఇలాంటి ఫైళ్లలో పదేపదే కనిపించేవాళ్లని కలిపి నిలబెట్టాను. వాళ్లు చెప్పుకునే రూల్స్ మాత్రం నిజమైనవి.

దేవరకొండ వైపు నుంచి సాగర్ రోడ్డు మీద బస్సులో వచ్చి, ఆటో మాట్లాడుకుని నాయక్ ర్యాంకు మాజీ సైనికుడొకడు, అతని భార్య దిగారు. బడంగ్‌పేట దాటాక వచ్చే ఈ ఊళ్లో, ఇంజనీరింగ్ కాలేజీలూ, చిన్న విమానాలు నడపడం నేర్పిన ఎయిర్‌ఫీల్డూ, కొత్త వెంచర్ల మధ్య, 200 గజాల ప్లాట్లో ఇల్లు కట్టుకున్న రిటైర్డ్ సుబేదార్ ఒకాయన ఉన్నాడు. రెజిమెంట్లో ఆయన క్లర్కు. తుపాకీ కన్నా టైపురైటర్ మీదే ఎక్కువ ఏళ్లు చెయ్యి వేసినవాడు. ఇలాంటి పనికి అలాంటి మనిషే కావాలి.

“ఫిట్స్ ఫస్ట్ వచ్చినప్పుడు యాడున్నవ్ తమ్మీ?”

“పూంఛ్‌ల సాబ్. రాత్రి డ్యూటీ.”

“అంతకు ముంగట?”

“ఎన్నడు లేదు సాబ్. మా ఇంట్ల కూడ ఎవ్వలకు లేదు.”

“ఇంట్ల సంగతి ఎవడడిగిండు? కాయితాలు తియ్.”

నాయక్ భార్య చీర కొంగుతో తుడిచి మరీ ప్లాస్టిక్ కవరు అందించింది. డిశ్చార్జి బుక్కు, పింఛను ఆర్డరు (పీపీఓ), తిరస్కరణ ఉత్తరం, ఆస్పత్రి చీటీలు. సుబేదార్ వాటినన్నిటినీ పక్కన పెట్టి, లేనిదాని కోసం వెతికాడు. మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, అంటే ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 ఫారం కాపీ కవర్లో లేదు. చాలామంది దగ్గర ఉండదు. ఉత్తరం పట్టుకుని ఏళ్ల తరబడి కుమిలిపోతారు గానీ, ఆ ఉత్తరానికి ఆధారమైన కాగితం అడిగి తెచ్చుకోరు.

“నువ్వు రుజువు చెయ్యాల్సింది ఏంలేదు,” అన్నాడాయన. “గది యాదికి పెట్టుకో. నిన్ను తీస్కున్నప్పుడు ఫిట్ అని రాసింది వాళ్లే. అన్‌ఫిట్ అని పంపింది వాళ్లే. నడుమ ఏమైందో చెప్పాల్సింది గూడ వాళ్లే.”

సుబేదార్ చెప్పింది సొంత వాదన కాదు. 1982లోనే క్యాజువల్టీ పింఛన్ల ఎంటైటిల్‌మెంట్ రూల్స్‌లో రాసిపెట్టిన మాట. చేరేటప్పుడు కాగితాల్లో రాస్తే తప్ప, చేరినవాడు శరీరంలోనూ మనసులోనూ ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. తర్వాత జబ్బుతో పంపేస్తే, ఆరోగ్యం చెడింది సర్వీసువల్లనే అనుకోవాలి. ఇది ఐదో రూలు. అర్హతను రుజువు చేసుకోమని అర్జీదారుణ్ని అడగకూడదు, సహేతుకమైన సందేహం ఏదైనా ఉంటే దాని లాభం అతనికే దక్కాలి. ఇది తొమ్మిదో రూలు. చేరేనాడు పరీక్షలో పట్టుకోలేని జబ్బని డాక్టర్లు అనదలచుకుంటే కారణాలు రాయాలి. ఇది పద్నాలుగో దాంట్లో ఉంది. నిబంధనలు రాసినవాళ్లు సిపాయి పక్షమే. అమలు దగ్గరికి వచ్చేసరికే బల్ల తిరగబడింది.

సందేహం లాభం అనగానే మనకి క్రిమినల్ కోర్టు గుర్తొస్తుంది. రంగారెడ్డి జిల్లా కోర్టులో హత్య కేసు వాదించే లాయరైనా ‘సహేతుక సందేహం’ అన్నప్పుడు తరచూ ఉటంకించేది 1947 నాటి ఇంగ్లిష్ తీర్పు, మిల్లర్ వర్సెస్ మినిస్టర్ ఆఫ్ పెన్షన్స్. పేరులోనే ఉంది చూడండి, అది హత్య కేసు కాదు. 1915 నుంచి 1944 దాకా సైన్యంలో పనిచేసి అన్నవాహిక క్యాన్సర్‌తో చనిపోయిన ఒక సైనికుడి భార్య వేసుకున్న పింఛను అప్పీలు. విన్నది జస్టిస్ డెనింగ్. సందేహం ఏ మేరకు ఉంటే చాలో, వట్టి ఊహ ఎక్కడ మొదలవుతుందో ఆయన అక్కడే తేల్చి చెప్పాడు. ఆ కొలత ప్రపంచమంతా తిరిగింది. మిసెస్ మిల్లర్‌కి మాత్రం పింఛను రాలేదు. సిపాయి పింఛను తగాదాలో పుట్టిన కొలత దొంగలకీ హంతకులకీ బాగా పనికొచ్చి, మన సిపాయిల దగ్గరే మరుగున పడిందంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ధరమ్‌వీర్ హైకోర్టుకెక్కాడు. 2004 మే 20న సింగిల్ జడ్జి అతని పక్షాన తీర్పిచ్చారు. చేరేనాడు జబ్బు రాసుకోలేదు కాబట్టి పింఛను ఇవ్వాలన్నారు. బోర్డవుటై అప్పటికి పదేళ్లు. అక్కడితో అయిపోతే ఈ కథే లేదు. ప్రభుత్వం డివిజన్ బెంచికి అప్పీలు చేసింది. 2009 జూలై 31న బెంచి ఆ తీర్పు కొట్టేసింది. మెడికల్ బోర్డు కాదన్నాక ఇక చెప్పేదేముంది అన్నది దాని సారాంశం. డాక్టర్లు చెప్పారు కదా! ఏం చెప్పారో, ఎందుకు చెప్పారో అడగాల్సిన పని లేదా?

ఆ పని 2013 జూలై 2న సుప్రీంకోర్టులో జస్టిస్ ఏ.కె. పట్నాయక్, జస్టిస్ ఎస్.జె. ముఖోపాధ్యాయ చేశారు. తీర్పు చదువుతుంటే పెద్ద పెద్ద మాటలేమీ కనిపించవు. సైన్యం త్యాగం గురించి ఉపన్యాసం లేదు. ఫారం తీసి ఒక్కో ప్రశ్న ఎదురుగా ఒక్కో జవాబు పెట్టి చూశారు, అంతే. చేరేనాటి రికార్డులో జబ్బు లేదు. అది పరీక్షలో దొరకని జబ్బని బోర్డు అనలేదు. సర్వీసుతో సంబంధం లేదన్నదానికి కారణం రాయలేదు. పింఛను మంజూరు చేసే అధికారి కారణం లేని ఆ అభిప్రాయాన్ని ఉన్నదున్నట్టు తలకెత్తుకుని తిరస్కరించాడు. రూల్స్ ప్రకారం అనుకోవాల్సింది సిపాయి వైపే అనుకోవాలి. సింగిల్ జడ్జి తీర్పును నిలబెట్టి, మూడు నెలల్లో ఇవ్వాల్సింది ఇచ్చెయ్యమన్నారు. బోర్డవుటయ్యాక పంతొమ్మిదేళ్లకి!

తర్వాత వరస కట్టి తీర్పులొచ్చాయి. 2014 జూన్‌లో సుఖ్‌విందర్ సింగ్ కేసు. సర్వీసు మధ్యలో జబ్బు పేరుతో పంపేసినవాడి వైకల్యం కనీసం 20 శాతం ఉన్నట్టే లెక్కగట్టాలంది కోర్టు. పదిహేను శాతమే ఉందని పింఛను ఎగ్గొట్టి, ఆ పదిహేను శాతానికే ఉద్యోగం తీసెయ్యడం కుదరదు. అదే ఏడాది డిసెంబర్ 10న రామ్ అవతార్ కేసులో జస్టిస్ దత్తు నాయకత్వంలోని బెంచి, 50 లోపు శాతాన్ని 50కి, 50 నుంచి 75 దాకా ఉన్నదాన్ని 75కి, ఆపైన వందకి సవరించే లాభం పూర్తికాలం చేసి రిటైరైనవాళ్లకీ వర్తిస్తుందంది. ప్రభుత్వం వేసిన వందల అప్పీళ్లు ఆ ఒక్క పూట పోయాయి. 2015 ఫిబ్రవరిలో రాజ్‌బీర్ సింగ్ కేసుతో కలిపి మరికొన్ని.

వందల అప్పీళ్లు! ఇక్కడ నాకు మింగుడుపడని సంగతి ఇదే. సిపాయి అప్పీలు చేస్తే అర్థముంది, తినే కంచం కోసం. అతను గెలిచాక, నెలకి నాలుగైదు వేల లెక్క కోసం సర్కారు సుప్రీంకోర్టు దాకా వెళ్లడానికి ఎవరు సంతకం పెట్టారు? అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ వేసిన నిపుణుల కమిటీ 2015లో ఇచ్చిన నివేదికలో ఇలాంటి అప్పీళ్లు వెనక్కి తీసుకోమని చెప్పింది కూడా. అయినా 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు కొట్టేసిన కేంద్రం పిటిషన్లు మూడు వందలకు దగ్గర. అన్నీ సైనిక ట్రిబ్యునల్లో గెలిచిన మాజీ సైనికుల మీద వేసినవే.

సర్కారు వైపు మాటే లేదనను. సుగర్, బీపీ ఎవరికి రావు? ఏసీ గదిలో ఫైళ్లు చూసుకున్న ఆఫీసరూ, మంచులో కాపలా కాసిన సిపాయీ ఒకే పింఛను తీసుకుపోతుంటే ఆడిట్‌వాళ్లు అడగరా? అడిగారు. కోర్టులు కూడా ప్రతిసారీ సిపాయి వైపే లేవు. 2019 అక్టోబర్‌లో నర్సింగ్ యాదవ్ కేసులో స్కిజోఫ్రెనియాకి పింఛను కుదరదని సుప్రీంకోర్టే తేల్చింది. ఆ జబ్బు చేరేనాటి మామూలు పరీక్షలో దొరక్కపోవచ్చు, చేరాక బయటపడినంత మాత్రాన సర్వీసే తెచ్చిందనలేం అంది. 2008లో రూల్స్ మార్చి, సర్వీసులో ఉండగా బయటపడిందన్నది ఒక్కటే చాలదని రాశారు. 2023 సెప్టెంబర్ 21 నుంచి మరో కొత్త రూల్స్. వాటి మీద మాజీ సైనికుల సంఘాలు మండిపడ్డాయి. దుర్వినియోగం ఆపడానికేనని సైన్యం జవాబు.

అయినా మిగిలిందొకటి ఉంది. రూల్స్ ఎన్ని మారినా బోర్డు కారణం రాయాలన్నది మారలేదు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సుగర్ వచ్చిన మాజీ సైనికుడి కేసులో 2008 రూల్స్ చదివి, పీస్ స్టేషన్లో ఉండగా వచ్చిందన్నంత మాత్రాన సర్వీసుతో సంబంధం లేదనేస్తే చాలదంది. ఆ ఏప్రిల్‌లో, సియాచిన్‌లో పనిచేసి ఎనభైల్లో మూర్ఛతో ఇంటికి పంపేసిన సిపాయికి సుప్రీంకోర్టు జీవితాంతం పింఛను ఇవ్వమంది.

నాదర్‌గుల్ వరండాలో సుబేదార్ ఇవన్నీ చెప్పలేదు. చెప్పినా నాయక్ వినే స్థితిలో లేడు. మందుల మత్తుకి మధ్యాహ్నం కళ్లు వాలిపోతాయతనికి. అడిగేది భార్యే.

“ఎంతొస్తదన్నా?”

ఆయన తిరస్కరణ ఉత్తరం వెనకవైపే లెక్క వేశాడు. ఆఖరి జీతం 36,000 అనుకుందాం. వంద శాతం వైకల్యానికి అందులో 30 శాతం, అంటే 10,800. ఇరవై శాతానికి 2,160. దాన్ని 50కి సవరిస్తే 5,400. మీద కరువు భృతి (డీఆర్). ఇప్పుడొచ్చే ఇన్‌వాలిడ్ పెన్షన్‌కి ఇది అదనం. 2017లో బోర్డవుటయ్యాడు కాబట్టి 2023 నాటి కొత్త రూల్స్ బాధ లేదు.

“అప్పటిసంది లెక్క గట్టిస్తరా?”

ఆయన కాసేపు మాట్లాడలేదు. ఈ ప్రశ్న దగ్గరే చాలామంది ముఖాలు వాడిపోతాయి. 2008లో తర్‌సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. 1983లో బోర్డవుటై 1999లో కోర్టుకొచ్చిన మనిషతను. పింఛను నెలనెలా రావాల్సింది కాబట్టి ఆలస్యమైందని కేసు కొట్టెయ్యరు. కానీ బకాయి మాత్రం కేసు వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్లకే కడతారు. అంతకు ముందుది పోయినట్టే. ఊరుకున్న ప్రతి నెలకీ వెనక నుంచి ఒక నెల తెగిపోతుంది.

“అంటే ఈ నెల గూడ పోతదా?” అంది.

“పోతది.”

ఆమె లేచి భర్త భుజం తట్టి లేపింది. సుబేదార్ తెల్లకాగితం తీసి రికార్డ్ ఆఫీస్ పేరున అర్జీ మొదలుపెట్టాడు. మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, చేరేనాటి మెడికల్ ఫారం, తిరస్కరణకి ఆధారమైన నోటు, మూడిటికీ కాపీలు. అవి వచ్చాక అప్పీల్ కమిటీకి, అక్కడ కాదంటే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి. తెలంగాణ, ఆంధ్ర కేసులు చెన్నై బెంచి కిందికొస్తాయి. అక్కడ గెలిచినా సర్కారు హైకోర్టుకి పోవచ్చు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తలుపు తెరిచే ఉంచింది. ఓడితే సిపాయీ పోవచ్చు.

“సంతకం ఇక్కడ పెట్టు తమ్మీ. నంబరు, ర్యాంకు, పేరు. ర్యాంకు మరువకు.”

నాయక్ వణుకుతున్న చేత్తో మెల్లగా రాశాడు. ఆదివారం పోస్టాఫీసు ఉండదు. రాత్రికి ఎల్బీనగర్‌లో చుట్టాలింట్లో పండుకుని, పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో స్పీడ్ పోస్ట్ చేసి, రసీదు ఫొటో పంపమన్నాడు సుబేదార్.